వాషింగ్ మిషన్‌కు బదులు వచ్చిన ఐదుగురు

వాషింగ్ మిషన్ తెమ్మని పంపిస్తే మా ఆయన రికార్డు ప్లేయరు తెచ్చాడు. దానితోపాటు ఒక అట్టపెట్టె నిండా నల్లటి రికార్డులు. మోయలేని బరువు మోస్తూ గుమ్మంలో నిలబడ్డాడు, మొహాన ఆ నవ్వొకటి. పెళ్ళినాటి నుంచీ నాకా నవ్వు తెలుసు. తప్పు చేశానని తెలిసినా, చేసినందుకు సంతోషంగానే ఉన్నప్పుడు నవ్వే నవ్వు అది. ఆ పూట నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయను. రాస్తే మా పాస్టరుగారు చదువుతారు.

మేమప్పుడు సౌదీలో, రహీమాలో ఉండేవాళ్ళం. రాస్ తనూరా రిఫైనరీ గేటు బయట ఉన్న ఊరు. నేను ఆసుపత్రిలో నర్సుని. ఆయన ఒక చిన్న మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ టెక్నీషియన్. నితాకత్ అనే రూలు వచ్చి కంపెనీలకి రంగులు వేసి కొన్నేళ్ళయింది. ఇక్కడివాళ్ళకి ఉద్యోగాలు సరిపడా ఇచ్చిన కంపెనీ ఆకుపచ్చ, ఇవ్వనిది ఎరుపు. ఆ వెనకే కుటుంబాల మీద మనిషికింతని నెలనెలా కట్టే లెవీ పడింది. దాంతో పెళ్ళాం పిల్లల్ని పంపించేసేవాళ్ళు కొందరు, తామే మూటాముల్లె సర్దుకునేవాళ్ళు కొందరు. ఏ శుక్రవారం చూసినా ఏదో ఒక బిల్డింగు కింద సోఫాలు, మంచాలు, పిల్లల సైకిళ్ళు బారుగా పెట్టి ఉండేవి. వెళ్ళేవాళ్ళు ఇచ్చేస్తుంటే ఉండేవాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. మా పాత వాషింగ్ మిషన్ చచ్చిపోయి రెండు వారాలైంది కాబట్టి నేను ఆయన్ని పంపాను.

"మిషన్ ఏదండీ?"

"ఎవరో ముందే పట్టుకెళ్ళారు."

"అయితే వట్టి చేతుల్తో రావచ్చుగా! ఇవేమన్నా బట్టలుతుకుతాయా?"

"పెద్దాయన ఊరికే ఇచ్చాడు."

"ఊరికే వస్తే ఫినాయిలైనా తాగేట్టున్నారు మీరు!"

పెద్దాయనంటే రిఫైనరీలో చాలాకాలం పనిచేసి రిటైరై వెళ్ళిపోతున్న ఒక నల్లజాతి అమెరికన్. ఆయన ఇంటి ఏసీలు బాగుచేసేది మా ఆయనే. పని అయ్యాక ఇద్దరూ కూర్చుని టీ తాగుతూ ఈ రికార్డులు వినేవాళ్ళట. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. టీలు ఎక్కడెక్కడ తాగొస్తాడో అన్నీ ఇంట్లో చెప్పే మనిషైతే కదా!

నేను బాత్రూములో కూర్చుని బట్టలు బండకేసి బాదుతున్నాను. పక్క ఫ్లాటుకి వినపడాలనే బాదుతున్నాను. హాల్లో ఆయన సూది పెట్టాడు. ముందు పెనం మీద జొన్నలు వేగుతున్న చప్పుడు. తర్వాత ఒక సన్నటి మగగొంతు ఒంటరిగా మొదలైంది. దాని వెనక నలుగురు మెల్లగా 'ఊ' అన్నారు. అంతే, 'ఊ' అని. ఆ ఊకి నా చేతిలో చొక్కా ఆగింది. ఆపమని చెప్పడానికే బయటికొచ్చాను, చేతులకి నురగతో సహా. ఆపమనేలోపు ఎక్కడో అడుగు నుంచి మరో గొంతు వచ్చింది. బావిలో బిందె మునిగేటప్పుడు వస్తుందే, ఆ శబ్దం. ఒక్క లైను పాడి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. మా ఆయన కళ్ళు మూసుకుని ఆ ఒక్క లైనుకి తలాడించాడు.

"ఎవరండీ ఆయన?" అన్నాను.

రికార్డు అట్ట చూపించాడు. ఐదుగురు మగాళ్ళు, ఐదుగురికీ ఒకే లేతనీలం సూటు, ఒకే తెల్ల బూట్లు. అందరూ కుడిచెయ్యి ఒకే వాటంలో చాచి నిలబడ్డారు. మూలన పొడుగ్గా ఉన్నవాడి మీద వేలు పెట్టి, "ఇతనే. పాట మొత్తానికి ఇతనికి ఒక్క లైనే ఇస్తారు" అన్నాడు.

"ఒక్క లైనుకి సూటు కుట్టించారా!" అన్నాను. కానీ నా కోపం అప్పటికే సగం దిగిపోయింది.

అలా మా ఇంట్లోకి అమెరికా నల్లవాళ్ళ సోల్ పాటలు వచ్చాయి. ఆ పెట్టెలో ఉన్నవన్నీ అలాంటివే. నలుగురో ఐదుగురో కలిసి పాడినవి, మేం పుట్టకముందువి కొన్ని, మేం పలక పట్టుకునే వయసువి కొన్ని. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. అర్థమైన సగంలో అంతా బతిమాలడమే. వెళ్ళిపోకు, తప్పు నాదే, తలుపు తియ్యి, ఒక్కసారి వెనక్కి చూడు. ఒక ఆడమనిషిని ఐదుగురు మగాళ్ళు సూట్లు వేసుకుని, అంత మర్యాదగా, శృతి తప్పకుండా బతిమాలడం మా గుంటూరు జిల్లాలో నేనెక్కడా చూడలేదు. అందుకే ఆ పాటలు నాకు మొదటి రోజే నచ్చాయి. నాకెవరూ ఆ విధంగా చెప్పలేదు కాబట్టి అవన్నీ నాకే చెబుతున్నట్టు విన్నాను.

ఇంకొకటి. ఫోనులో అయితే నచ్చని పాటని వేలితో తోసేస్తాం. రికార్డు అలా కాదు. సూది ఎత్తి మళ్ళీ పెట్టడానికి ఒళ్ళు బద్ధకం. కాబట్టి నచ్చని పాటని కూడా వినాల్సిందే. విని విని ఒకరోజు చూస్తే అదే అన్నిటికంటే నచ్చిన పాటై కూర్చుంటుంది. రేడియోకెక్కి పేరు తెచ్చుకున్న పాట ప్రతి ఆల్బంలోనూ ఒకటుంటుంది. మిగతావి ఇంట్లో మనుషుల్లాంటివి. బయటివాళ్ళకి తెలియవు, మనకి అవే కావాలి. ఒకే ఇంటి నుంచి వచ్చిన పది పాటలు అవి. ఒకదాంట్లో ముందు నిలబడి పాడినవాడు ఇంకోదాంట్లో వెనక్కి వెళ్ళి 'ఊ' అంటాడు. ఎవరికీ అలక లేదు. నలుగురు తెలుగువాళ్ళు ఒక కమిటీ వేసుకుంటే ఆర్నెల్లు నిలబడదు, వీళ్ళు ఏళ్ళతరబడి ఎలా నిలబడ్డారో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మాదీ ఒక గుంపు తయారైంది. కింద ఫ్లాటులో మా వార్డు సీనియరు ఉండేది, పాలకొల్లు మనిషి. మేమంతా పెద్దక్క అనేవాళ్ళం. ఇంకొకతను మా ఆసుపత్రి బస్సు నడిపే భాయి, ప్రొద్దుటూరు. భార్యాపిల్లలు ఊళ్ళోనే ఉండేవాళ్ళు. నన్ను అక్కా అని, మా ఆయన్ని అన్నా అని పిలిచేవాడు. సాయంత్రం బస్సు ఆపి మగ్రిబ్ నమాజు చేసుకుని వచ్చేవాడు. మళ్ళీ రాత్రి ఇషా నమాజు పిలుపు వినపడేలోపు ఒక రికార్డు రెండు వైపులూ, మధ్యలో ఒక టీ సరిగ్గా సరిపోయేవి. బాంగు వినపడగానే మా అమ్మాయి పరిగెత్తి సూది ఎత్తేది. ఆ అట్టమీది బొమ్మ చూసి, అదే వాటంగా చెయ్యి చాచి మా అందరి ముందూ అడుగులు వేసేది కూడా అదే.

మొదట్లో మేం పాడింది వింటే ఆ ఐదుగురూ సూట్లు విప్పేసి పారిపోయేవాళ్ళు. మా ఊళ్ళ చర్చిలో పాటంటే ఒకటే రాగం, వంద గొంతులు, డప్పు, తబలా, తాళాలు. ఎవరి గొంతు పైకి వినపడితే వాళ్ళకి భక్తి ఎక్కువని లెక్క. నేనూ పెద్దక్కా ఆ బడిలో చదువుకున్నవాళ్ళమే. రికార్డు మొదలవగానే ఇద్దరం అసలు రాగమే ఎత్తుకుని, ఒకరి మీద ఒకరు ఎక్కి గొంతులు చించుకునేవాళ్ళం. భాయి రెండు సాయంత్రాలు ఓపిక పట్టాడు. చిన్నప్పుడు కడప దర్గా ఉరుసులో ఖవ్వాలీ పాడేవాళ్ళ వెనక వరసలో కూర్చుని అందుకున్న మనిషి అతను.

"అక్కా, ఏమనుకోవద్దు. అందరం ముందరే ఉంటే ఎనకాల ఎవురుండాల? నువ్వు ముందర పాడు. మేం ఎనకాల అందుకుంటాం" అన్నాడు.

పెద్దక్క ఒక క్షణం మూతి ముడిచింది. మళ్ళీ తనే, "మరేనండి. అందరూ పెళ్ళికూతుళ్ళే అయితే వడ్డించేదెవరు? నేను వెనక ఉంటాలెండి" అంది.

మన భాషలో వంత పాడటం అంటే తిట్టు. పెద్దమనిషి ఏమన్నా తలాడించేవాణ్ణి అలా అంటాం. బుర్రకథలో ఆ ఇద్దరు వంతలూ లేకపోతే కథ చెప్పేవాడు ఊపిరెక్కడ తీసుకుంటాడో ఎవరూ ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. పెద్దక్క మొదటిసారి నా గొంతు పక్కన కాస్త కిందగా 'ఊ' అన్నప్పుడు, భాయి పైనెక్కడో సన్నగా అందుకున్నప్పుడు నా ఒళ్ళు జల్లుమంది. ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే అరుచుకుంటూ పోయాను కదా అనిపించింది. ముగ్గురం పగలబడి నవ్వాం. మా ఆయన సోఫాలో కూర్చుని పెదవులు ఆడిస్తున్నాడు.

పెదవులు ఆడించడం గురించి చెప్పాలి. పెళ్ళైన కొత్తలో చర్చిలో నా పక్కన నిలబడి ఆయన ప్రతి పాటకీ పెదవులు కదిపేవాడు, గొంతు మాత్రం వినపడేది కాదు. ఎంత వినయం అనుకున్నాను. ఈ రికార్డులు వచ్చిన కొన్నాళ్ళకి, ఒకరోజు వంటింట్లో చేపలు తోముతుంటే గదిలోంచి ఏదో సన్నగా 'దూం' అని వినపడింది. స్టాండులో స్టీలు గ్లాసులు కూడా అదురుతున్నాయి.

"ఏవండీ, ఏసీ ఏదో చప్పుడు చేస్తోంది, చూడండి!" అని అరిచాను.

చప్పుడు ఠక్కున ఆగింది. వెళ్ళి చూస్తే ఏసీ కట్టేసి ఉంది. ఈయన మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతున్నాడు, చెవులదాకా ఎర్రబడిపోయి.

"మీరా?"

"నేనే."

అప్పుడు చెప్పాడు. గొంతు మారిన వయసులో క్రిస్మస్ పాటల ప్రాక్టీసుకి వెళ్ళాడట. అందరూ పాడుతున్న రాగానికి ఈయన గొంతు ఎప్పుడూ అడుగునే పోయేదట. పాటలు నేర్పించే ఆయన అందరినీ ఆపి, "ఒరేయ్, నీకు సుతి లేదు. నువ్వు పాడకు, ఊరికే పెదవులు ఆడించు" అన్నాడట. చెప్పినమాట వినే మనిషి కదా. ఆనాటి నుంచీ ఆడిస్తూనే ఉన్నాడు. సుతి లేకపోవడం కాదది, ఆ గొంతు ఉండాల్సిన చోటే అక్కడ. వంద మంది ఒకే రాగం పాడేచోట ఆ చోటు ఒకటుంటుందని చెప్పేవాళ్ళు లేరు. ఆ లేతనీలం సూటు ఐదోవాణ్ణి విన్న రోజునే ఆయనకి ఆ సంగతి తెలిసిందట. అమెరికన్ పెద్దాయన ఇంట్లో, ఏసీ ఫిల్టరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడట.

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నాకు రెండూ కలిసే వస్తాయి. "ఆ పాటల మాస్టారు ఇప్పుడు కనపడితే..." అని మొదలుపెట్టి చాలా అన్నాను. చివరికి, "మీ చేత నలుగురిలో పాడించకపోతే నా పేరు మార్చుకుంటాను!" అన్నాను.

"చూద్దాం" అన్నాడు. అప్పు, రోగం, పిల్ల చదువు, దేనికైనా ఆయన జవాబు అదొక్కటే.

మా గుంపులో నాలుగో గొంతు అలా వచ్చి చేరింది. కానీ ఆయన పద్ధతి ఆయనది. తలుపులు వేసి ఉండాలి. రికార్డు తిరుగుతూ ఉండాలి. ఆ ఐదోవాడి గొంతు చాటున దాక్కుని పాడేవాడు. చాటున ఉన్నంతసేపూ ఎంత బాగుండేదో ఏం చెప్పను, పాట కింద నేల ఉన్నట్టుండేది, ఎంత పైకి ఎగిరినా కాళ్ళకి ఏదో తగిలేది. మా అమ్మాయి సూది ఎత్తిందా, ఈయన గొంతూ అక్కడే ఆగిపోయేది. "రికార్డు లేకుండా ఒక్కసారి పాడన్నా" అని భాయి బతిమాలేవాడు. మా ఆయన లేచి వెళ్ళి టీ గ్లాసులు కడిగేవాడు.

ఒకసారి ఆ సూది విరిగింది. రహీమాలోనూ దమ్మాంలోనూ దొరకలేదు. ఒక శుక్రవారం అమ్మాయిని పెద్దక్క దగ్గర ఉంచి, భాయి తెచ్చిన స్నేహితుడి కారులో ముగ్గురం రియాద్ వెళ్ళాం. సూది కోసం రియాద్ ఏమిటని నేను దారంతా సణిగాను, అందరికంటే ముందు తయారై కూర్చున్నది మాత్రం నేనే. అక్కడి బతా బజారులో జుమా నమాజు అయ్యాక జనం విరగబడి ఉన్నారు. సందులన్నీ తిరగ్గా తిరగ్గా ఫోన్లు, పాత రేడియోలు బాగుచేసే కొట్టులో ఒక హైదరాబాద్ ఆయన దొరికాడు. కొట్టంతా పెట్టెల్లో సర్దుతున్నాడు.

"గింత సూది కోసం సముద్రం కాడికెళ్ళి వచ్చిండ్రా? మంచి పిచ్చోళ్ళే దొరికిండ్రు!" అని నవ్వాడు. "ఫోన్ల దుకాణంల ఇగ ఇక్కడోళ్ళే కూసోవాలెనంట. ఖాళీ జేస్తున్న. ఖాళీ జేస్తుంటెనే గీ సూది బయటపడ్డది. మీ నసీబు."

సూది పనిచేస్తుందో లేదో చూద్దామని మేం వెంట తెచ్చిన రికార్డు తన పాత మిషన్ మీద వేశాడు. ఆ సందులో ఆ ఐదుగురి గొంతూ లేచేసరికి నడిచేవాళ్ళు నడిచినట్టే ఆగారు. సంచీలు మోస్తున్న బంగ్లాదేశీలు, రొట్టెల పొట్లం పట్టుకున్న ఒక పాకిస్తానీ ముసలాయన, అందరూ గుమిగూడారు. ఆ ముసలాయన తలాడిస్తూ "వాహ్, వాహ్" అన్నాడు. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు, అక్కడి నుంచి ఎవరూ కదల్లేదు. నేను పాడాను, సిగ్గు నాకెక్కడిది? భాయి అందుకున్నాడు. మా ఆయన వైపు చూశాను. పెదవులే ఆడిస్తున్నాడు. మేం వెళ్ళేటప్పుడు దుకాణం ఆయన, "సారు కూడ పాడితే మంచిగుండు" అన్నాడు. తిరుగు దారిలో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. నేను మాట్లాడకపోతే ఎంత ప్రమాదమో కారులో ఉన్న ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత ఎక్కువ రోజులు పట్టలేదు. మా ఆయన కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపులో పడితే ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్, రెన్యువల్ కాదు. ఆకుపచ్చలో ఉన్న కంపెనీ ఏదైనా తీసుకుంటే మారొచ్చు. తిరిగాడు, తిరిగాం. తీసుకునేవాళ్ళు దొరకలేదు. ఇక ఎగ్జిట్టే, దేశం వదిలిపోవడమే. పిల్ల ఆయన ఇకామా మీదే ఉంది కాబట్టి ఆయనతోపాటే వెళ్ళాలి. నా కాంట్రాక్టు అయ్యేదాకా నేను ఉండాలి. ఏడవలేదు నేను. తిట్టాను. రంగుల్ని తిట్టాను, సూట్‌కేసుల్ని తిట్టాను, ఏ పాపమూ ఎరగని ఫ్రిజ్‌ని కూడా తిట్టాను. నాకెంతో ఇష్టమైన ఎర్ర చున్నీ పెట్టె అడుగుకి తోసేశాను.

మా తెలుగు క్రైస్తవులకి అక్కడ ఆదివారం శుక్రవారమే వచ్చేది. ఎవరో ఒకరి ఇంట్లో హాల్లో దుప్పట్లు పరుచుకుని కూడుకునేవాళ్ళం. అక్కడొక ఆచారం ఉండేది. ఎగ్జిట్ మీద వెళ్ళిపోయేవాళ్ళు చివరి శుక్రవారం ముందుకొచ్చి నిలబడి, ఒక పాట ఎత్తుకోవాలి. వాళ్ళ గొంతుతోనే మొదలవ్వాలి. ఒక్క లైను వాళ్ళు పాడాక మిగతావాళ్ళు అందుకుంటారు. దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పడం రాకపోయినా ఒప్పుకుంటారు గానీ, పాట ఎత్తుకోకుండా ఎవరినీ పంపరు. ఆ ఏళ్ళలో ఎన్ని పాటలు విన్నామో. ఏ మనిషిని తలుచుకున్నా ముందు ఆ మనిషి ఎత్తుకున్న పాటే గుర్తొస్తుంది నాకు. కాబట్టి మా ఆయనకి ఆ గండం తప్పదు.

"నేను పక్కనుంచి ఎత్తుకుంటానులెండి. మీరు పెదవులాడించండి, ఎవరికీ తెలియదు" అన్నాను ముందురోజు. ఆయన మీద జాలితో అన్నాను, నిజంగానే.

ఆయన చొక్కాలు మడతపెడుతూ, "నువ్వు ఎత్తుకోవద్దు" అన్నాడు.

"మరి మీరు ఎత్తుకుంటారా?"

"చూద్దాం."

శుక్రవారం హాలు నిండిపోయింది. వంటింట్లోంచి బిర్యానీ వాసన. పెద్దక్క గోడవారగా కూర్చుని ఎవరి పిల్లాడికో అన్నం పెడుతోంది. భాయి గిన్నెలు మోసుకొచ్చి, ప్రార్థన అయ్యేదాకా గుమ్మం అవతల చెప్పుల దగ్గర నిలబడ్డాడు. ప్రార్థన నడిపించే పెద్దాయన, "తమ్ముడూ, పాట ఎత్తుకో" అన్నాడు.

మా ఆయన లేచాడు. ముందుకెళ్ళి చొక్కా గుండీ పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో! నా నాలుక దురద పెడుతోంది. ఎత్తుకోనా, వద్దన్నాడుగా, ఎత్తుకోనా. జనం సర్దుకుని కూర్చుంటున్నారు. ఒకాయన సాయం చేద్దామని దగ్గాడు.

అప్పుడు 'దూం' అంది.

పాట కాదు, పాట కింద ఉండేది. మా అమ్మమ్మల నాటి కీర్తన అది, అందరికీ కంఠతా వచ్చిందే. ఈయన దాని రాగం ఎత్తుకోలేదు. దాని అడుగున తన గొంతు పరిచాడు. రికార్డు లేదు, దాక్కోవడానికి ఐదోవాడు లేడు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒకావిడైతే తలెత్తి ఏసీ వైపు చూసింది.

పెద్దక్కకి అర్థమైంది. చేతిలో పళ్ళెం కింద పెట్టేసి, ఎంగిలి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, 'ఊ' అని అందుకుంది. గుమ్మం అవతల చెప్పుల దగ్గర్నుంచి సన్నటి గొంతు పైన వచ్చి వాలింది. మాటలు లేవు, స్వరం ఒక్కటే. మూడు గొంతులు. మధ్యలో రాగం చోటు ఖాళీగా ఉంది. అది నా చోటు. అందరికంటే గట్టిగా పాడతానని పేరున్నదాన్ని. నోరు తెరిచాను. గొంతు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. కళ్ళలోంచి నీళ్ళు వస్తున్నాయి గానీ గొంతులోంచి ఏమీ రావడం లేదు. మొదటిసారి నేను ఊరికే పెదవులు ఆడించాను.

ఆయన నా వైపు చూశాడు. ఆపలేదు. ఇంకోసారి మొదటికొచ్చి, నాకోసం చోటుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ చోట్లోకి వెనకనుంచి ఎవరో రాగం ఎత్తుకున్నారు. పక్కవాళ్ళు అందుకున్నారు. అంతే, హాలు హాలంతా లేచింది. ప్రతివారం ఒకరినొకరు తోసుకుంటూ పరిగెత్తే పాట ఆ రోజు ఆయన నడక నడిచింది. మా అమ్మాయి ముందుకి పోయి, కుడిచెయ్యి చాచి అడుగులు వేసింది. కీర్తనకి డాన్సేమిటని ఎవరూ అనలేదు. ఆఖరి చరణానికి నాకూ గొంతు వచ్చింది, బొంగురుగా. ఏడుస్తూ నవ్వుతూ పాడాను.

"ఇన్నాళ్ళూ ఈ గొంతు ఎక్కడ దాచావయ్యా?" అన్నాడు ప్రార్థన నడిపించిన పెద్దాయన, భోజనాల దగ్గర.

"అడుగునే ఉందండి" అన్నాడు మా ఆయన, బిర్యానీ కలుపుకుంటూ.

వాళ్ళు వెళ్ళాక నేను నర్సుల హాస్టలుకి మారాను. ప్లేయరు, పెట్టె నాతోనే వచ్చాయి. లేతనీలం సూట్ల రికార్డు మాత్రం మా అమ్మాయి స్కూలు బ్యాగులో ఊరెళ్ళిపోయింది. ఖాళీ అట్ట నాకు వదిలింది, చూసుకోమని. మొదటి శుక్రవారం పొద్దున్నే ఫోనులో ఆయన పంపిన ఆడియో వచ్చింది. పెట్టి విన్నాను. దూం, దూం, దూం. కాసేపు ఖాళీ. మళ్ళీ దూం. పొరపాటున నొక్కాడేమో అనుకుని తిట్టబోయాను. అప్పుడు తెలిసింది. మొదటి రోజు నేను నురగ చేతులతో విన్న పాట అది. తన వంతు ఒక్కటే పాడి, మిగతాదంతా నాకు వదిలి పంపాడు.

ఫోను గ్లాసులో నిలబెట్టి పాడాను. నా అలవాటు ప్రకారం గట్టిగానే పాడాను. రెండో చరణంలో ఉండగా తలుపు దబదబా కొట్టారు. పక్కగది ఫిలిప్పీన్స్ నర్సు. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకునే మనిషి. గొడవకే వచ్చిందనుకుని, కొంగు దోపుకుని, నాలుగు మాటలు నోట్లో సిద్ధం చేసుకుని తలుపు తీశాను. ఆ పిల్ల నా మొహం చూడలేదు, గ్లాసులో ఫోను వైపు చూసింది. లోపలికొచ్చి మంచం అంచున కూర్చుని, నా రాగం పక్కన కాస్త కిందగా అందుకుంది, పెద్దక్క అందుకున్నట్టే. వాళ్ళమ్మ వంట చేస్తూ పాడేదట ఆ పాట.

ఇద్దరం పాడింది, కింద ఆయన గొంతుతో సహా ఆ పిల్ల ఫోనులో రికార్డు చేసి ఊరికి పంపాను. ఎంత మెచ్చుకుంటాడో అని ఎదురుచూశాను. జవాబు వెంటనే వచ్చింది.

"నువ్వు తొందరపడుతున్నావు. నన్ను విని పాడు."

నన్ను విని పాడు అట! ఎవరూ వినకుండా ఇన్నేళ్ళు పెదవులు ఆడించిన మనిషి అన్నాడు ఆ మాట. ఫోను మళ్ళీ మొదటికి తిప్పి, ఆ పిల్లని ఉండమని సైగ చేసి, ఈసారి ఆయన్ని విని పాడాను.